ఒకే యాప్ రెండు రకాలుగా కనబడితే ఏది వేసుకోవాలి?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేటలో చిన్న జిరాక్స్, డీటీపీ కొట్టు. ఐ3 నాలుగో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 120 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్ వాడుతున్నాను. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి, 11 దీనికి రాదు అంటూ మా అన్నయ్యగారబ్బాయి లినక్స్ మింట్ 22 వేసిచ్చి బెంగళూరు వెళ్ళిపోయాడు. మూడు వారాలైంది. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఒకే యాప్ పక్కన "సిస్టం ప్యాకేజ్" అనీ "ఫ్లాట్‌ప్యాక్" అనీ రెండుంటే ఏది నొక్కాలో తెలియక చేతికొచ్చింది నొక్కాను. ఇప్పుడు ఫైర్‌ఫాక్స్‌లు రెండున్నాయి, ఒకదాంట్లో నా పాస్‌వర్డ్‌లు లేవు. డౌన్‌లోడ్ చేసిన యాప్‌ఇమేజ్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. స్నాప్ వేద్దామంటే అసలు ఎక్కనంటోంది. పీడీఎఫ్ పేజీలు కలిపే యాప్‌కి కస్టమర్ల పెన్‌డ్రైవ్ కనబడదు, అందులో తెలుగు డబ్బాలుగా వస్తోంది. నిన్న డిస్క్ నిండిపోయిందని హెచ్చరిక వచ్చింది. ఇంగ్లీషు గ్రూపులో అడిగితే "మాన్యువల్ చదువుకో" అన్నారు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఇంకో పాత విండోస్ సిస్టంలో ఉన్నాయి, వాటినీ దీన్లోకి తేవచ్చా? తెలుగులో అడగడానికి చోటేదైనా ఉందా? లేక మళ్ళీ విండోస్‌కే పోమంటారా?

జవాబు: పోనక్కర్లేదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిన మాట నిజం. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి కావాలి, మీది నాలుగోది. మింట్ 22కి 2029 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. మీ అన్నయ్యగారబ్బాయి సరైన పనే చేశాడు. యాప్‌లు ఏ దారిలో లోపలికి రావాలో చెప్పకుండా బస్సెక్కేశాడు, అంతే. మీరు రాసిన తిప్పల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

ఈ రకాల తేడా మీ వృత్తిలో రోజూ చూసేదే. పేజ్‌మేకర్ ఫైలు ప్రెస్సుకి పంపితే అక్కడి కంప్యూటర్‌లోనూ అదే ఫాంటు, అదే వెర్షన్ ఉండాలి. లేకపోతే ఒత్తులు ఎగిరిపోతాయి. ఫైలు మాత్రం తేలిక. అదే పీడీఎఫ్ చేసి పంపితే ఫాంట్లు ఫైల్లోనే కూర్చుని వెళ్తాయి. బరువెక్కుతుంది కానీ ఎక్కడ తెరిచినా ఒకేలా వస్తుంది. సిస్టం ప్యాకేజ్ ఆ పేజ్‌మేకర్ ఫైలు లాంటిది. దీన్నే డెబ్ అంటారు, డెబియన్ నుంచి వచ్చిన పేరు. తనకు కావలసిన లైబ్రరీలన్నీ (యాప్‌లు ఉమ్మడిగా వాడుకునే ప్రోగ్రాం ముక్కలు) సిస్టంలో ఉన్నాయనే లెక్కతో వస్తుంది, అందుకే చిన్నది. ఫ్లాట్‌ప్యాక్, యాప్‌ఇమేజ్, స్నాప్ మూడూ పీడీఎఫ్ తరహా. తమ సరంజామా తామే తెచ్చుకుంటాయి, లేదా దాన్ని విడిగా దింపుకుంటాయి.

మీ కొట్టుకి నా సలహా: ఏదైనా సరే ముందు సిస్టం ప్యాకేజ్. ప్రింటర్, స్కానర్, ఫాంట్లు, తెలుగు కీబోర్డు, డిజిటల్ సంతకం టోకెన్ లాంటి, మెషీన్‌ని ముట్టుకునే వస్తువులకైతే రెండో ఆలోచనే వద్దు. ప్రింటర్ డ్రైవర్‌ని ఫ్లాట్‌ప్యాక్‌లో వెతకడం దండగ. హెచ్‌పీ 1020 లాంటి పాత లేజర్ ప్రింటర్ ఉంటే హెచ్‌పీలిప్ అనే సిస్టం ప్యాకేజ్‌తోపాటు దాని ప్లగ్ఇన్ కూడా దింపుకోవాలి. ఆ ప్రింటర్‌కి సొంత ఫర్మ్‌వేర్ (దాన్ని లోపలినుంచి నడిపే ప్రోగ్రాం) ఉండదు, స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే అందించాలి. టోకెన్ సంగతీ ఇంతే: దాని డ్రైవర్ లైబ్రరీ సిస్టంలో ఉంటుంది, ఫ్లాట్‌ప్యాక్‌లో కూర్చున్న బ్రౌజర్‌కి అది అందదు.

మరి ఫ్లాట్‌ప్యాక్ ఎప్పుడు? సిస్టం ప్యాకేజ్‌లోని వెర్షన్ మీ పనికి చాలనప్పుడు. ఫొటోలు దిద్దే జింప్ యాప్‌లో 3.0 వెర్షన్ 2025 మార్చిలో వచ్చింది. మింట్ 22 సిస్టం ప్యాకేజ్‌లో ఉన్నది మాత్రం 2.10. పాస్‌పోర్ట్ ఫొటోలకి, బ్యాక్‌గ్రౌండ్ తీయడానికి 2.10 చాలు. 3లోని కొత్త సౌకర్యం ఏదైనా నిజంగా కావాలంటేనే ఫ్లాట్‌ప్యాక్ వేసుకుని పాతది తీసేయండి. మింట్ 22లో, యాప్ తయారీదారులే పెట్టినట్టు ధ్రువీకరణ లేని ఫ్లాట్‌ప్యాక్‌లు మొదట కనబడవు. ప్రిఫరెన్సెస్‌లో ఆ మీట వేస్తే కనబడతాయి. వేయకపోవడమే మంచిది.

ఫైర్‌ఫాక్స్ రెండయిందన్నారు. మింట్ వేసినప్పుడే సిస్టం ప్యాకేజ్‌గా ఒకటి వస్తుంది, మీరు నొక్కినది ఫ్లాట్‌ప్యాక్. రెండిటి ప్రొఫైళ్ళు వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి, కాబట్టి ఒకదాని పాస్‌వర్డ్‌లు రెండోదానికి తెలియవు. ఏది ఏదో పోల్చుకోవాలంటే అడ్రసు గడిలో 'అబౌట్', కోలన్, 'సపోర్ట్' అని ఇంగ్లీషులో కొట్టండి. వచ్చే పేజీలో ప్రొఫైల్ డైరెక్టరీ అన్న వరస చూడండి. ఆ దారిలో చుక్కతో మొదలయ్యే 'వార్', దాని తర్వాత 'యాప్' ఉంటే అది ఫ్లాట్‌ప్యాక్. తీసేసే ముందు, ఈ మూడు వారాల్లో దాంట్లో ఏ బ్యాంకు పాస్‌వర్డో దాచారేమో చూసుకోండి. దాచి ఉంటే పాస్‌వర్డ్‌ల పేజీలోంచి ఎక్స్‌పోర్ట్ చేసి రెండోదాంట్లోకి ఇంపోర్ట్ చేయండి. అలా వచ్చిన ఫైల్లో పాస్‌వర్డ్‌లన్నీ బాహాటంగా ఉంటాయి. పదిమంది పెన్‌డ్రైవ్‌లు పెట్టే కంప్యూటర్ మీది. పనవగానే ఆ ఫైలు తుడిచి చెత్తబుట్ట కూడా ఖాళీ చేయండి.

యాప్‌ఇమేజ్ విషయంలో జరిగింది సామాన్యంగా ఇదే: ఇంటర్నెట్ నుంచి దిగిన ఏ ఫైలునీ లినక్స్ తనంతట తాను ప్రోగ్రాంగా నడపదు. ఫైలు మీద కుడి నొక్కు, ప్రాపర్టీస్, పర్మిషన్స్, అక్కడ ప్రోగ్రాంగా నడవనివ్వు అన్న గడిలో టిక్ పెట్టి మళ్ళీ రెండుసార్లు నొక్కండి. టిక్ పెట్టినా నిలవకపోతే ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉందేమో చూడండి. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌కి ఆ అనుమతిని గుర్తుపెట్టుకునే వసతి లేదు. హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి అక్కడ పెట్టండి. అప్పటికీ కదలకపోతే ఫైలు ఉన్న ఫోల్డర్‌లోనే టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి, ఫైలుని అందులోకి లాగి వదిలి ఎంటర్ కొట్టండి. ఎందుకు రాలేదో అదే చెబుతుంది. ఆ వాక్యంలో 'ఫ్యూజ్' అనే మాట ఉంటే యాప్‌ఇమేజ్‌కి కావలసిన ఫ్యూజ్ రెండో వెర్షన్ లైబ్రరీ లేదని అర్థం. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో 'లిబ్‌ఫ్యూజ్2' అని వెతికి వేయండి, ఈ తరం మింట్‌లో దాని పేరు చివర 'టీ64' అని ఉంటుంది. 'ఎగ్జిక్ ఫార్మాట్ ఎర్రర్' అని వస్తే వేరే రకం ప్రాసెసర్‌కి చేసిన ఫైలు దింపారన్నమాట. మీకు కావలసింది పేరులో 'ఎక్స్86, 64' ఉన్నది, 'ఆర్మ్' ఉన్నది కాదు.

ఇంత చేసి నడిపించినా యాప్‌ఇమేజ్‌కి ఒక లోటుంది. చాలావాటికి అప్‌డేట్లు వాటంతట అవి రావు, అప్‌డేట్ మేనేజర్‌కి ఆ ఫైలు ఉన్నట్టే తెలియదు. ఏడాది తర్వాత కూడా మీరు అదే పాత వెర్షన్ నడుపుతుంటారు. కస్టమర్లు తెచ్చిన ఫైళ్ళు తెరిచే యాప్‌కి ఈ పద్ధతి వద్దు. ఎప్పుడో ఒకసారి వాడే చిన్న పనిముట్టుకైతే ఫరవాలేదు.

స్నాప్ ఎక్కకపోవడం మీ తప్పు కాదు. మింట్ వాళ్ళే 2020లో, మింట్ 20 నుంచి దాన్ని ఆపి పెట్టారు. మింట్‌కి మూలమైన ఉబుంటులో క్రోమియం బ్రౌజర్‌ని సిస్టం ప్యాకేజ్‌గా అడిగితే చాటుగా స్నాప్‌ని దింపే ఏర్పాటు వచ్చింది, అది నచ్చక అడ్డుగోడ కట్టారు. ఆ గోడ తీసే చిట్కా నెట్‌లో దొరుకుతుంది కానీ మీకు దాంతో పనిలేదు. మీ కొట్టుకి కావలసినవన్నీ సిస్టం ప్యాకేజ్, ఫ్లాట్‌ప్యాక్ దారుల్లో దొరుకుతాయి. అన్నట్టు, దుకాణం అధికారికమైతే సరుకంతా మంచిదే అనుకోకండి. 2024లో స్నాప్ స్టోర్‌లో పెట్టిన నకిలీ క్రిప్టో వాలెట్‌ని నమ్మి ఒకాయన తొమ్మిది బిట్‌కాయిన్లు పోగొట్టుకున్నాడు.

ఇక పెన్‌డ్రైవ్. ఫ్లాట్‌ప్యాక్ యాప్‌ని ఒక గదిలో కూర్చోబెట్టి ఏ తలుపులు తీయాలో ముందే నిర్ణయిస్తారు. కొన్నిటికి మీ హోమ్ ఫోల్డర్ తలుపు ఒక్కటే తెరిచి ఉంటుంది. పెన్‌డ్రైవ్ వచ్చి కూర్చునేది 'మీడియా' అనే వేరే ఫోల్డర్‌లో. ఇంకొన్ని యాప్‌లు ఫైలు ఎంచుకునే కిటికీలో పెన్‌డ్రైవ్‌ని చూపిస్తాయి కానీ ఎంచుకున్న ఆ ఒక్క ఫైలే లోపలికి వెళ్తుంది. పక్కనే ఉన్న లింకు బొమ్మలు వెళ్ళవు. పేజీ తెరుచుకుని బొమ్మల చోట ఖాళీ గళ్ళు కనబడితే కారణం ఇదే, ఫైలు పాడైందని కస్టమర్‌ని వెనక్కి పంపకండి. మందు ఏమిటంటే, ఫ్లాట్‌సీల్ అనే యాప్ వేసుకోండి (ఇది ఫ్లాట్‌ప్యాక్‌గానే వస్తుంది). ఎడమ పక్క మీ పీడీఎఫ్ యాప్ నొక్కి, కుడి పక్క ఫైల్‌సిస్టం విభాగంలో అదర్ ఫైల్స్ దగ్గర కూడిక గుర్తు నొక్కి, ముందు ఏటవాలు గీత పెట్టి 'మీడియా' అని ఇంగ్లీషులో రాయండి. యాప్ మూసి మళ్ళీ తెరవండి. పక్కనే ఉన్న "ఆల్ సిస్టం ఫైల్స్" మీట వేసినా పెన్‌డ్రైవ్ కనబడుతుంది కానీ, పెన్‌డ్రైవ్ కోసం ఇల్లంతా తెరవడం ఎందుకు?

తెలుగు డబ్బాలుగా వస్తోందన్నారు కదా, ముందు తెర మీద వచ్చింది డబ్బాలో కాదో దగ్గరగా చూడండి. ఖాళీ డబ్బాలైతే ఆ యాప్‌కి తెలుగు ఫాంటు అందట్లేదని అర్థం. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తే అది వేరే జబ్బు: అనులో కొట్టిన పాత పాఠం, యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడి అక్షర పద్ధతి) కాదు. దానికి ఎన్ని యూనికోడ్ ఫాంట్లు వేసినా బాగుపడదు.

మీవి డబ్బాలే అనుకుందాం. సిస్టంలో వేసిన ఫాంట్లు ఫ్లాట్‌ప్యాక్‌కి కనబడతాయి. మీరు సొంతంగా వేసుకున్నవాటికి మాత్రం చోటు కుదరాలి. హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కండి. చుక్కతో మొదలయ్యే దాగిన ఫోల్డర్లు బయటపడతాయి. వాటిలో 'లోకల్', దానిలోపల 'షేర్', దానిలోపల 'ఫాంట్స్'. ఇక్కడ పెట్టాలి. చుక్క 'ఫాంట్స్' అనే పాతకాలం ఫోల్డర్ కూడా ఉండి, ఫాంట్లు కొన్ని ఇందులో, కొన్ని అందులో ఉంటే ఫ్లాట్‌ప్యాక్ మొదటిదాన్నే చూసి ఊరుకుంటుంది. అన్నీ ఒక్కచోట చేర్చండి. డి డ్రైవ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఉన్న ఫాంటు అసలు లెక్కలోకి రాదు. పోస్టర్లకి, పెళ్ళికార్డులకి మండలి, రామభద్ర, ధూర్జటి, తెనాలి రామకృష్ణ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. అవి మొదట పెట్టుకుంటే అనుని వదలడం కొంత తేలికవుతుంది.

అనుని ఇప్పుడే లాక్కురాకండి. వైన్ అనే యాప్‌తో విండోస్ ప్రోగ్రాములు కొన్ని లినక్స్‌లో నడుస్తాయి. ఆ నమ్మకంతో పెళ్ళికార్డు ఆర్డరు మాత్రం ఒప్పుకోవద్దు. పాత సిస్టంని నెట్ తీసేసి, అను పనికే అట్టిపెట్టుకోండి. అక్కడినుంచి పీడీఎఫ్ చేసి ఇటు తెచ్చుకోవచ్చు. కొత్త పని మాత్రం ఇక్కడ యూనికోడ్‌లో మొదలుపెట్టండి. పేజీ కూర్పుకి స్క్రైబస్ ఉంది. 2024 జనవరిలో వచ్చిన 1.6 నుంచి స్థిరమైన వెర్షన్‌లోనే తెలుగు ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చుంటున్నాయి, అంతకుముందు 1.4లో విరిగిపోయేవి. అనులో యాపిల్ అనే కీబోర్డు అమరికకి వేళ్ళు అలవాటై ఉంటే ఇంకా మంచిది. మింట్‌లో ఇన్‌పుట్ మెథడ్‌లోకి వెళ్ళి ఐబస్, దానితో ఎం17ఎన్ వేసుకుంటే తెలుగు కింద యాపిల్ లేఅవుట్ కూడా ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్, పోతన కూడా ఉన్నాయి. వేళ్ళకి కొత్త పాఠం చెప్పక్కర్లేదు.

డిస్క్ దగ్గరికొద్దాం. 120 జీబీ అని అమ్మినది కొన్నిచోట్ల 111 అనే కనబడుతుంది, లెక్కపెట్టే పద్ధతి తేడా. అంత చిన్న డిస్క్‌లో నా మొదటి అనుమానం ఫ్లాట్‌ప్యాక్ మీద కాదు, టైమ్‌షిఫ్ట్ మీద. ఇది సిస్టం పాడైతే వెనక్కి తిప్పడానికి నకళ్ళు తీసి ఉంచుతుంది. మొదటి నకలు సిస్టమంత ఉంటుంది, తర్వాతవి మారిన ఫైళ్ళ మేరకే పెరుగుతాయి. మీరు మూడు వారాలుగా యాప్‌లు వేస్తూ తీస్తూ ఉన్నారు కాబట్టి తీసేసినవి కూడా ఆ నకళ్ళలో బతికే ఉంటాయి. టైమ్‌షిఫ్ట్ తెరిచి పాతవాటిని ఎంచి డిలీట్ నొక్కండి. సెట్టింగ్స్‌లో రోజువారీవి రెండు, వారంవి ఒకటి ఉంచమని చెప్పండి. ఫైల్ మేనేజర్‌లోంచి ఆ ఫోల్డర్‌ని చేత్తో తుడవకండి. నకళ్ళన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, సగం తుడిచిన నకలు ఆపదలో అక్కరకు రాదు. ఇంకో మాట: టైమ్‌షిఫ్ట్ మామూలుగా మీ హోమ్ ఫోల్డర్‌ని కాపీ చేయదు. కస్టమర్ల డిజైన్లకి వేరే హార్డ్‌డిస్క్ కావాల్సిందే.

ఆ తర్వాత ఫ్లాట్‌ప్యాక్. మొదటి యాప్ వేసినప్పుడు దానితోపాటు రన్‌టైమ్ అనే ఉమ్మడి సరంజామా దిగుతుంది, అందుకే చిన్న యాప్‌కి కూడా అంత సైజు చూపిస్తుంది. ఐదు యాప్‌లు ఒకే రన్‌టైమ్ మీద నడిస్తే అది ఒక్కసారే దిగుతుంది. ఒకటి గ్నోమ్ అనే రన్‌టైమ్‌నీ, ఒకటి కేడీఈ అనేదాన్నీ, ఇంకోటి గ్నోమ్‌లోనే పాత వెర్షన్‌నీ అడిగితే మూడూ దిగుతాయి. యాప్ తీసేసినా రన్‌టైమ్ మిగిలిపోవచ్చు. అలాంటివి ఊడ్చడానికి టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్నక్షరాలతో 'ఫ్లాట్‌ప్యాక్', ఖాళీ, 'అన్‌ఇన్‌స్టాల్', ఖాళీ, రెండు అడ్డగీతలు, వాటికి అంటించి 'అన్‌యూజ్డ్' అని కొట్టండి. ఏమేం తీస్తుందో జాబితా చూపించి అడుగుతుంది, చదివి సరే అనండి. ఇంకా నిండే ఉంటే డిస్క్ యూసేజ్ అనలైజర్ తెరవండి. నెట్‌ సెంటర్లలో చాలాసార్లు అసలు దొంగ డౌన్‌లోడ్స్ ఫోల్డరే.

మీరు అడగలేదు కానీ ముందే చెప్పి ఉంచుతాను. ఏదో సైటు నుంచి డెబ్ ఫైలు దింపి రెండుసార్లు నొక్కే అలవాటు చేసుకోకండి. డెబ్ ఎక్కేటప్పుడు దానిలోని స్క్రిప్టులు సిస్టం మీద పూర్తి అధికారంతో నడుస్తాయి. పాత ఉబుంటుకి చేసిన డెబ్ అయితే 'లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 లేదు' అంటుంది. మింట్ 22లో దాని స్థానంలో మూడో వెర్షన్ ఉంది. ఆ పాత లైబ్రరీని ఎక్కడినుంచో తెచ్చి బలవంతంగా ఎక్కించమనే సలహాలు దొరుకుతాయి. దానికి భద్రతా అప్‌డేట్లు రావు, దాన్ని తెచ్చి ఎక్కించడం కంటే ఆ యాప్‌కి కొత్త డెబ్ ఉందేమో, ఫ్లాట్‌ప్యాక్ ఉందేమో చూడటం మేలు.

అడిగే చోటు గురించి. "మాన్యువల్ చదువుకో" అనే వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, పట్టించుకోకండి. లినక్స్ మింట్ సొంత చర్చావేదికలో కొత్తవాళ్ళ ప్రశ్నలకని ప్రత్యేక విభాగం ఉంది. ఇంగ్లీషు వచ్చీరానట్టుగా రాసినా అక్కడ ఓపిగ్గా చెబుతారు. తెలుగులో మాట్లాడాలంటే స్వేచ్ఛ అనే సంస్థ ఉంది. తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తుంది, ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఎక్కువ. గుంటూరు, విజయవాడ చుట్టూ అన్ని కాలేజీలుండగా మీ కొట్టుకి ప్రాజెక్టు రిపోర్టులు బైండింగ్‌కి తెచ్చే కుర్రాళ్ళలోనే ఒకరిద్దరికి లినక్స్ తెలిసి ఉంటుంది, అడిగి చూడండి.

ఎక్కడ అడిగినా "ప్రింటర్ పనిచేయట్లేదు, హెల్ప్ ప్లీజ్" అని రాస్తే జవాబు చెప్పాలనుకున్నవాడికి కూడా ఏం చెప్పాలో తెలియదు. ఇలా రాయండి: "మింట్ 22 సినమన్. పీడీఎఫ్ కలిపే యాప్, ఫ్లాట్‌ప్యాక్‌గా వేశాను. పెన్‌డ్రైవ్‌లోని ఫైలు తెరవబోతే పెన్‌డ్రైవే కనబడదు. అదే ఫైలు డెస్క్‌టాప్ మీదికి కాపీ చేస్తే తెరుచుకుంటోంది. ఫ్లాట్‌సీల్‌లో 'మీడియా' చేర్చాను, మార్పు లేదు." ఇందులో వెర్షన్ ఉంది, యాప్ ఏ దారిలో వచ్చిందో ఉంది, ఏం చేస్తే ఏమైందో, ఇప్పటికే ఏం ప్రయత్నించారో ఉన్నాయి. తప్పు సందేశం వస్తే ఫోన్‌తో తెర ఫొటో తీయకుండా అక్షరాలనే కాపీ చేసి పెట్టండి, అవతలివాళ్ళు దాంతోనే వెతుకుతారు. మెషీన్ వివరాలు అడిగితే సిస్టం రిపోర్ట్స్ అనే యాప్‌లో సిస్టం ఇన్ఫర్మేషన్ పేజీ ఉంది, కాపీ మీట నొక్కితే చాలు.

జవాబుగా ఎవరైనా "ఈ వరస కాపీ చేసి కొట్టండి" అంటే, అది 'సుడో'తో (సిస్టం మీద పూర్తి అధికారంతో నడపమనే మాట) మొదలైతే, ఏం చేస్తుందో తెలుగులో చెప్పమనండి. ఏదో సైటు నుంచి స్క్రిప్టు దింపి నేరుగా నడిపే వరస అయితే వదిలేయండి. మీ తెర చూపించమని, రిమోట్ యాప్ వేయమని ముక్కూముఖం తెలియనివాళ్ళు అడిగితే ఒప్పుకోకండి. ఆ ఫైర్‌ఫాక్స్‌లోనే మీ బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఉన్నాయి.

22 తర్వాత 22.1, 22.2 లాంటివి వచ్చాయని అప్‌డేట్ మేనేజర్ ఊరిస్తుంది. ఎక్కకపోయినా భద్రతా అప్‌డేట్లు ఆగవు. ఎక్కాలనిపిస్తే ముందు టైమ్‌షిఫ్ట్‌తో ఒక నకలు తీసుకుని ఆదివారం మధ్యాహ్నం చేయండి, పెళ్ళిళ్ళ సీజన్‌లో మాత్రం దాని జోలికి పోకండి.